ఇనబడతంది గానండీ...

కార్తీక సోమవారం మధ్యాహ్నం దాటాక ద్రాక్షారామం గుడి వీధిలో నిలబడితే ముందుగా కంటికి ఆనేవి బస్సులు. అమరావతిలో మొదలుపెట్టి భీమవరం, పాలకొల్లు చూసుకుని వచ్చిన పంచారామ యాత్రికులు ఇక్కడ దిగుతారు. భీమేశ్వరుణ్ణి, మాణిక్యాంబ అమ్మవారిని దర్శించుకుని పొద్దు వాలేలోగా సామర్లకోట చేరాలన్న తొందర వాళ్లది. చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తుండాలి, పిల్లల చెయ్యి వదలకూడదు, ముసలాళ్లు వెనకబడకూడదు, బస్సు నంబరు మరిచిపోకూడదు. ఇన్నిటి మధ్య నడిచే మనిషికి దిక్కు మైకులోంచి వచ్చే మాట. తప్పిపోయినవాళ్ల పేర్లు, దొరికిన సంచులు, బయల్దేరబోయే బస్సులు, అన్నీ ఆ లౌడ్‌స్పీకర్ గొట్టంలోంచే రావాలి.

మైకు ఏ ఊళ్లోనైనా ఒకే రకంగా నిద్ర లేస్తుంది. వేలితో టకటకా రెండు దెబ్బలు. ఉఫ్ మని ఒక ఊదు. తర్వాత "హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ..." దూరంగా గొట్టం కింద నిలబడ్డ కుర్రాడు చెయ్యి ఎత్తుతాడు. పరీక్ష అయిపోయినట్టే. అప్పుడు అసలు ప్రకటన మొదలవుతుంది. 'భక్తులకు' అనగానే గొట్టం ఢబ్ మంటుంది. 'ద్రాక్షారామం'లోని క్షకారం బుస్సుమన్న చప్పుడుగా మారుతుంది. బస్సు నంబరు రెండుసార్లు, ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తుంది. పక్కనున్నవారిని "ఏవండీ, ఇనబడతందా?" అని అడిగితే గోదావరి మర్యాదతో జవాబొస్తుంది: "ఆయ్, ఇనబడతంది గానండీ, ఏం చెప్తన్నారో తెలవట్లేదండి."

మైకు పరీక్ష గురించి తెలుసుకోవలసినదంతా ఆ జవాబులో ఉంది. చేసిన పరీక్ష చప్పుడు వస్తోందా లేదా అని. కావలసిన పరీక్ష మాట తెలుస్తోందా లేదా అని. మొదటిది వైరుకు సంబంధించింది. రెండోది మనిషికి సంబంధించింది.

'హలో' అన్న మాట అసలు పిలుపు కోసం పుట్టింది. టెలిఫోను కొత్తగా వచ్చిన రోజుల్లో అవతలి మనిషి దృష్టిని ఎలా ఆకర్షించాలన్నది పెద్ద ప్రశ్న. గ్రహాంబెల్ 'అహోయ్' అనాలన్నాడు. ఎడిసన్ 1877లో రాసిన ఒక ఉత్తరంలో 'హలో' చాలునన్నాడు, లోకం ఎడిసన్ మాటే విన్నది. అవతల ఎవరైనా ఉన్నారా అని తెలుసుకోవడానికి అది మంచి మాటే. కానీ మైకు సత్తా తేల్చడానికి అంత మెత్తని మాట పనికిరాదు. హకారం, లకారం, ఓకారం, వీటిలో ఎక్కడా పెదాలు బిగిసి విడిపోయే దెబ్బ లేదు, పళ్ల సందుల్లోంచి దూసుకొచ్చే గాలి లేదు. ఎంత పాడైన మైకైనా 'హలో'ను మోసేస్తుంది. 'వన్, టూ, త్రీ' సంగతి ఇంకోటి. వన్ తర్వాత టూ వస్తుందని వినేవాడికి ముందే తెలుసు. సగం ముక్క చెవిన పడితే మిగతా సగం మనసే పూరించుకుంటుంది. బస్సు నంబరును అలా ఎవరూ ఊహించలేరు. తప్పిపోయిన పిల్లాడి పేరును అసలే ఊహించలేరు.

వేలితో కొట్టడం వల్ల వైరులో ప్రాణం ఉందని మాత్రమే తెలుస్తుంది. ఊదడం వల్ల తెలిసేది అంతకంటే ఎక్కువ లేదు, నష్టం మాత్రం ఉంది. ప్రతి మైకు లోపలా డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఒకటి ఉంటుంది. నోటి నుంచి వచ్చే ధ్వని తరంగాలకు అది కదిలితే, ఆ కదలిక కరెంటుగా మారుతుంది. పాత రేడియో స్టూడియోల్లో వాడిన రిబ్బన్ మైకుల్లో ఆ పొర స్థానంలో కాగితం కన్నా పల్చటి అల్యూమినియం రేకు వేలాడుతుండేది. ఒక్క గట్టి ఊదు చాలు, ఆ రేకు సాగిపోవడానికి. సభల్లో కనబడే గట్టి మైకులు అంత సుకుమారమైనవి కావు, కానీ వాటిలోకీ ఊపిరి తేమ చేరుతుంది. ఏ మైకు పలుకుతోందో తెలియాలంటే జాలీ మీద గోటితో నెమ్మదిగా గీరితే సరిపోతుంది.

ఇక భకారం. అరచేతిని నోటి ముందు బెత్తెడు దూరంలో పెట్టుకుని ముందు 'మామిడి' అని, తర్వాత 'భీముడు' అని పలికి చూడాలి. మకారానికి గాలి ముక్కులోంచి పోతుంది, చేతికి ఏమీ తగలదు. భకారానికి పెదాలు బిగుసుకుని, లోపల ఒత్తిడి పెరిగి, ఒక్కసారి విడిపోవడంతో గాలి ముద్దలా వచ్చి అరచేతిని తాకుతుంది. ఆ గాలిముద్దే డయాఫ్రమ్ మీద పడి గొట్టంలో ఢబ్ మంటుంది. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ, ఈ పదింటికీ ఎంతో కొంత ఈ గుణం ఉంది. మామూలు మాటల్లో చాలామంది తెలుగువాళ్లు వీటిని తేలిక చేసి పలుకుతారు. ఇంట్లో 'బీమేశ్వరుడు' అనే మనిషే మైకు పట్టుకోగానే నిలువునా సర్దుకుని 'భీమేశ్వరుడు' అని ఒత్తి పలుకుతాడు. భాష మీద గౌరవం అది, మెచ్చుకోవలసిందే. అయితే దాని ఫలితం ఏమిటంటే, పరీక్ష చేసినప్పటి గొంతు వేరు, ప్రకటన చేసేటప్పటి గొంతు వేరు. మెత్తటి గొంతుతో పరీక్షించి, ఒత్తి పలికే గొంతుతో మాట్లాడితే ఆ పరీక్ష ఎవరి కోసం జరిగినట్టు?

అందుకే తెలుగు మైకును తెలుగుతోనే పరీక్షించాలి. ద్రాక్షారామంలో అందుకు వేరే వెతుక్కోనక్కర్లేదు. 'ద్రాక్షారామ భీమేశ్వరస్వామి' అన్న రెండు మాటల్లో దెబ్బకొట్టే భకారం ఉంది, బుసకొట్టే క్షకారం, శకారం, సకారం ఉన్నాయి, ముక్కుతో పలికే మకారం ఉంది, మైకు గరగరను బయటపెట్టే రేఫ ఉంది. దానికి 'ధవళేశ్వరం', 'భద్రాచలం', 'కోటిపల్లి' చేర్చి, చివర నాలుగంకెల బస్సు నంబరు ఒకటి చదివితే పది సెకన్లలో మైకు జాతకం తెలిసిపోతుంది. అంకెల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఏడు, మూడు రెండూ 'డు'తోనే ముగుస్తాయి. ప్రతిధ్వనిలో మొదటి అక్షరం పోతే మిగిలేది ఆ 'డు' ఒక్కటే. ఇంగ్లిషులో చెబుదామంటే సిక్స్, సెవెన్ రెండూ సకారంతో మొదలవుతాయి.

ఢబ్ మనకుండా చేసే ఉపాయం చాలా తేలిక. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, పెదవి మూల వైపు తిప్పి పెట్టుకుంటే గాలిముద్ద పక్కనుంచి పోతుంది, ధ్వని మాత్రం అందుతుంది. ధ్వని అన్ని వైపులకూ పాకుతుంది, గాలి తిన్నగా పోతుంది. ఆ తేడాయే ఇక్కడ పనికొస్తుంది. మైకు మీద తొడిగే స్పాంజి టోపీ కూడా అందుకే. చికాగోలో మొదలైన షూర్ సంస్థ 1966లో తెచ్చిన ఎస్ఎం58 మైకులో ఆ స్పాంజిని గుండ్రటి జాలీ లోపలే అమర్చారు. ఇవాళ సభల్లో, కచేరీల్లో కనబడే గుండ్రటి తల మైకుల్లో చాలావాటికి ఆ రూపమే ఒరవడి.

దూరం సంగతి బెత్తెలు, జానలలోనే చెప్పుకోవచ్చు. బెత్తెడు దూరంలో మాట్లాడుతున్న మనిషి జానెడు దూరం జరిగితే మైకు మీద పడే ధ్వని ఒత్తిడి సగానికన్నా తగ్గిపోతుంది. అది చూసి వెనకున్నవాళ్లు వాల్యూం పెంచుతారు. పెంచితే ఆ గొంతు ఒక్కటే పెరగదు. పక్కవాళ్ల మాటలు, ఫ్యాను గాలి, జనరేటరు గుర్రు, అన్నీ పెరుగుతాయి. మనిషిని మైకు దగ్గరికి జరపడం ఎప్పుడూ వాల్యూం పెంచడం కన్నా మేలైన మందు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. మిగతా వేళల్లో కూడా మాట తెలియడానికి కావలసింది ఎక్కువ చప్పుడు కాదని మైకు పట్టుకునే ప్రతివారికీ ఎవరో ఒకరు చెప్పాలి.

మైకు లేని రోజుల్లో ఈ బాధ గొంతే పడేది. ఆదిభట్ల నారాయణదాసు వేలమంది ముందు నిలబడి మైకు లేకుండా హరికథ చెప్పేవారు. వెనక వరుసకు అందుతోందా లేదా అన్నది వాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవాలి, అందకపోతే శ్రుతి పెంచాలి, లేదా జనాన్నే ముందుకు రమ్మనాలి. మైకు వచ్చాక ఆ చూపు తగ్గింది. గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: వేదిక ముందు నిలబెట్టిన మైకుల దగ్గరికి నటుడు నడిచి వచ్చి పద్యం ఎత్తుకుంటాడు, రాగం సాగుతుంది, చప్పట్లు మోగుతాయి. అదే నటుడు వేదిక వెనక భాగం నుంచి పలికిన సంభాషణ మూడో వరుసకే చేరదు. ఎంత గొప్ప గొంతైనా మైకు పరిధిలోకి వచ్చినప్పుడే పదిమందికీ దక్కింది. సినిమాలోనూ అదే చిక్కు. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య 1936లో దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పేనాటికి తెలుగు టాకీ వయసు నాలుగేళ్లు. అప్పటికి నేపథ్యగానం అలవాటు కాలేదు. నటులే పాడాలి, కెమెరా ముందు పాడుతుండగానే ధ్వని పట్టాలి, మైకు మాత్రం తెర మీద కనబడకూడదు. పాట బాగా రావాలంటే మైకు దగ్గరుండాలి, బొమ్మ బాగా రావాలంటే దూరం జరగాలి. ఆ తరం నటులు ఆ రెంటి మధ్యే పాడారు.

ఈ విషయంలో బడి నడిపింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు రూపమిచ్చిన భక్తిరంజని ద్వారా, కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు తెల్లవారుజామున ఇళ్లలోకి వచ్చేది. అరవకుండా, పక్కన కూర్చుని పాడినట్టుండే ఆ గొంతులను ఊరూరా అంత దగ్గరగా వినగలగడం మైకు చేసిన మేలు. ఆ మేలు వెనక అద్దం అవతల చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్న మనిషి ఒకరున్నారు. రికార్డింగ్ మొదలయ్యే ముందు రేడియోవాళ్లు అడిగేది హలో చెప్పమని కాదు. "లెవెల్ ఇవ్వండి" అంటారు. అంటే చదవబోయే కాగితంలోంచే నాలుగు వాక్యాలు, చదవబోయే గొంతుతోనే చదవాలి. పాట అయితే పై స్థాయికి వెళ్లే చరణం పాడి చూపాలి. అద్దం అవతలి మనిషి అది విని, మీటరు చూసి, "కాస్త వెనక్కి జరగండి" అంటారు. మాట్లాడేవారు ఒకరు, వినేవారు ఒకరు. పరీక్షకు ఇద్దరు కావాలన్న నియమం అక్కడ ఎన్నడూ తప్పలేదు.

ద్రాక్షారామం గుడికి వస్తే ఈ ఇద్దరి లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. చాళుక్య భీముడు కట్టించాడని ప్రసిద్ధి పొందిన ఈ ఆలయంలో గర్భగుడికి రెండంతస్తులు. శివలింగం ఎంత పొడవంటే, కింద నిలబడ్డవారికి కింది భాగమే కనబడుతుంది, మెట్లెక్కి వెళ్లినవారికి పైభాగం కనబడుతుంది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన స్వామి ఈయనే. చుట్టూ రాతి గోడలు, శాసనాలు చెక్కిన స్తంభాలు. రాయి ధ్వనిని మింగదు, తిప్పి పంపుతుంది. అందువల్లే మండపంలో నెమ్మదిగా సాగే మంత్రం ఒకదాని మీద ఒకటి పేరుకుని నిండుగా, గంభీరంగా వినిపిస్తుంది. అదే మండపంలో గబగబా చదివిన సమాచారం ముద్దయిపోతుంది. మంత్రాన్ని నిలబెట్టిన రాయే ప్రకటనను చెరిపేస్తుంది. పైనున్నవారికి కిందివాళ్లకు ఏం వినిపిస్తోందో పైనుంచి ఎన్నటికీ తెలియదు, ఎవరో ఒకరు మెట్లు దిగి వెళ్లి నిలబడి వినాలి.

వీధిలో చిక్కు వేరు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. గుడి దగ్గర ఒక గొట్టం, బస్సులు ఆగేచోట ఇంకో గొట్టం కట్టి, రెంటికీ ఒకే మైకు తగిలిస్తే, దగ్గరి గొట్టం మాట ముందు, వంద మీటర్ల అవతలి గొట్టం మాట సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆపాటికి మాట్లాడే మనిషి రెండక్షరాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాడు. నంబరు రెండుసార్లు వినిపించడానికి కారణం ఇదే. మైకు మార్చినా, ఆంప్లిఫయర్ మార్చినా ఈ జబ్బు పోదు. ఒక్కో అంకె తర్వాత గుక్క తిప్పుకునేంత వ్యవధి ఇవ్వాలి, మొత్తం రెండుసార్లు చెప్పాలి. పాత ప్రకటనకర్తలు పేరును సాగదీసి, ఆగి, మళ్లీ చెప్పేవాళ్లు. అనుభవం నేర్పిన ఆ పద్ధతి వెనక ఇంత లెక్క ఉంది.

కీచుమనే కూత అందరికీ తెలిసిన రోగం. స్పీకరు బాక్సులోంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో దూరి, పెరిగి, మళ్లీ బాక్సులోకి వెళ్లి, ఇలా సుడి తిరిగితే ఆ కూత పుడుతుంది. సోరెన్ లార్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. కూత రాగానే భయపడి మైకు తలను గుప్పిట్లో మూసేస్తారు చాలామంది. అది రోగాన్ని పెంచుతుంది. సభ మైకులు ఎదురుగా ఉన్న ధ్వనిని తీసుకుని వెనకనుంచి వచ్చేదాన్ని వదిలేసేలా తయారవుతాయి. ఆ పని జాలీ కింద ఉన్న రంధ్రాలు చేస్తాయి. గుప్పిట్లో మూస్తే ఆ రంధ్రాలు పోయి మైకు నాలుగు దిక్కులా వినడం మొదలుపెడుతుంది. పిడి పట్టుకోవాలి, బాక్సు ముందుకు నడవకూడదు. పెళ్లి పందిట్లో కాలర్ మైకు పెట్టుకున్న పురోహితుడు మండపం దిగి బాక్సు ముందునుంచి నడిచే దారిని ముందుగానే ఒకసారి నడిచి చూసుకుంటే, సుముహూర్తం వేళ కూత పెట్టదు.

మైకుసెట్టు నడిపే పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోదగిన ఓర్పు ఒకటుంది. చప్పుడు రాకపోతే వాళ్లు అన్నీ ఒకేసారి పీకరు. పనిచేస్తుందని తెలిసిన వైరు ఒకటి చేతిలో ఉంటుంది, ముందు దాన్ని మార్చి చూస్తారు. తర్వాత అదే వైరుకు ఇంకో మైకు. తర్వాత ఆంప్లిఫయర్ మీద ఇంకో రంధ్రం. ఒకసారికి ఒక్కటే మార్చితేనే దోషం ఎక్కడుందో తెలుస్తుంది. చాలాసార్లు అది పిన్ను మెడ దగ్గర, వైరు పదే పదే వంగే చోట దొరుకుతుంది. డెల్టా గాలిలో తేమకు పిన్నుల మీద చిలుము పడుతుంది, వానాకాలం తర్వాత తుడవకుండా తగిలిస్తే గరగర తప్పదు. కొత్తగా కొన్న కండెన్సర్ మైకు అసలు పలకకపోతే అది పాడైందని తిప్పి పంపే ముందు ఒకటి చూసుకోవాలి. ఆ రకం మైకులకు చాలావాటికి వైరు ద్వారా 48 వోల్టులు అందాలి, ఆ మీట వేయకపోతే అవి మూగవే.

ఇప్పుడు ఆ మైకు అందరి జేబుల్లోకీ వచ్చింది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కలిసి తయారుచేసిన ఎలక్ట్రెట్ మైకు వల్ల మంచి మైకు చిన్నదీ చవకదీ అయింది. తర్వాత మైకే చిప్పుగా మారి ఫోను అడుగున, చార్జరు పెట్టే చోటు పక్కన సూదిబెజ్జమంత రంధ్రం వెనక దాక్కుంది. ఆ రంధ్రంలో సిమ్ము తీసే పిన్ను గుచ్చితే మైకు పోతుంది. దుమ్ము, పిండి, ఫోను కవరు అంచు, ఏది అడ్డుపడినా గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న తల్లులు ఎందరో. పని ముగిశాక దొరికిన పది నిమిషాల్లో పిల్లలతో మాట్లాడే ఆ కాల్‌లో "వినబడుతోందా, వినబడుతోందా" అని అరవడానికే మూడు నిమిషాలు పోతే అది చిన్న నష్టం కాదు. ఫోను కవరు తీసి చూడటం, ఆ కన్నాన్ని మెత్తటి పొడి బ్రష్షుతో తుడవడం ఒక్క నిమిషం పని.

పాత టెలిఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే మోసేది. సకారం బలం చాలావరకు 4,000కు పైన ఉంటుంది. పేరులో 'స' ఉన్నవాళ్లు ఫోనులో "సీతలో స" అని చెప్పుకోవలసి రావడం అందువల్లే. ఈ మధ్య వచ్చిన హెచ్‌డీ కాల్స్ 7,000 దాకా మోస్తాయి కాబట్టి శకార సకారాలు మళ్లీ బతికాయి. అయితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తగిలించుకున్నవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఉంది. పాట వింటున్నప్పుడు నిండుగా ఉండే ఆ పరికరం, దాని మైకు కూడా పనిచేయాల్సి రాగానే ఒక్కోసారి పాత టెలిఫోను స్థాయికి దిగిపోతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూకు కూర్చునే రామచంద్రపురం కుర్రాడికి ఖరీదైన బ్లూటూత్ కన్నా వైరున్న మామూలు ఇయర్‌ఫోనే ఎక్కువ మేలు చేయవచ్చు.

కాల్‌కు ముందు పరీక్ష అంటే రికార్డర్ తెరిచి ఇరవై సెకన్లు మాట్లాడి, అది ఇయర్‌ఫోన్‌లో వినడం. తెర మీద పచ్చగీత ఊగుతోందని సంతోషించడం వేలితో టకటకా కొట్టడం లాంటిదే. లాప్‌టాప్‌లో రెండు మూడు మైకులుంటాయి, ఏది పలుకుతోందో తెలియాలి. కాలర్ మైకు తగిలించి, రికార్డు మాత్రం ఫోను సొంత మైకుతో అయిపోవడం తరచూ జరిగేదే. ఫోనుకు పనికొచ్చే పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, రెండే ఉంటే ఫోను దాన్ని మైకుగా గుర్తించదు. రికార్డు చేస్తూ కాలర్ మైకును గోటితో ఒకసారి, ఫోను అడుగుభాగాన్ని ఒకసారి గీరి విని చూస్తే ఏది పనిచేస్తోందో తేలిపోతుంది. మాట అసలు రాకపోతే యాప్‌కు మైకు అనుమతి ఇచ్చారా, వైరు మీది మ్యూట్ బటన్ నొక్కి ఉందా అన్నవి ముందు చూసుకోవాలి. ఒకే గదిలో రెండు ఫోన్లు అదే కాల్‌లో ఉంటే గుడి ముందరి కూతే ఇక్కడా మొదలవుతుంది.

2020లో సంగీతం పాఠాలు తెర మీదికి వెళ్లినప్పుడు గురువులకు వింత అనుభవం ఎదురైంది. శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది, శిష్యురాలికి మాత్రం వినబడదు. ఎడతెరిపి లేకుండా ఒకే స్థాయిలో సాగే ధ్వనిని కాల్ యాప్‌లు ఫ్యాను హోరుగా లెక్కేసి తీసేస్తాయి. మన సంగీతానికి ఆధారమైన తంబురా వాటి దృష్టిలో చెత్త. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అన్న మీట వేస్తే శ్రుతి తిరిగొస్తుంది. ఆ మీట ఉందని తెలియక నెలల తరబడి శ్రుతి లేకుండా పాడిన పిల్లలున్నారంటే బాధ కలుగుతుంది. హలో అని పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు, శ్రుతిపెట్టె పెట్టి, పాడి, అవతలివారిని అడిగితేనే తెలుస్తుంది.

ఇవన్నీ సరే. తిరిగి రాని రికార్డింగులు కొన్ని ఉంటాయి. గోదావరి ఇళ్లలో ఇంకా పెళ్లిపాటలు, మంగళహారతులు పాడే అమ్మమ్మలున్నారు. ఏ పుస్తకంలోనూ లేని పాటలు, ఒక్క ఇంటికే చెందిన వరసలు వాళ్ల దగ్గరున్నాయి. మనవలు పండక్కి వచ్చినప్పుడు ఫోను ముందు పెట్టి పాడించుకుంటారు. ఏడాది తర్వాత, ఒక్కోసారి ఆవిడ పోయిన తర్వాత, తెరిచి వింటే పాట మీద ఫ్యాను హోరు, రేకుల మీద వాన, వంటింట్లో మిక్సీ. మన చెవి అక్కర్లేనివి వదిలేసి కావలసింది ఏరుకుంటుంది. మైకుకు ఆ విచక్షణ లేదు, గదిలో ఉన్నదంతా సమానంగా తీసుకుంటుంది. అందుకే ఎవరూ మాట్లాడకుండా ముందు పది సెకన్లు ఖాళీ గదిని రికార్డు చేసి వినాలి. అప్పుడు తెలుస్తుంది ఫ్రిజ్ ఎంత గుర్రుమంటోందో, వీధిలో కప్పలు ఎంత గోల చేస్తున్నాయో. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, గోడ వైపు ఒక బొంత వేలాడదీస్తే పాత ఫోను కూడా మంచి మైకవుతుంది.

మొదట్లో పేరు, ఊరు, తేదీ చెప్పించడం కూడా మరవకూడదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను కోసం పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే పలికింది. రికార్డింగుకు మైకు ఇంకా వాడని రోజులవి, పెద్ద గొట్టంలోకి తల పెట్టి పాడేవాళ్లు. నూరేళ్లు దాటినా ఆ పాట ఎవరిదన్న సందేహం ఎవరికీ లేదు.

కానీ అమ్మమ్మలు మైకు చూస్తే బిగుసుకుపోతారు. "హలో అను" అంటే నవ్వి ఊరుకుంటారు. తెలిసిన మనవరాలైతే అలా అడగదు. ఫోనును జానెడు దూరంలో, కొంచెం పక్కకు, మడిచిన తువ్వాలు మీద పెట్టి, ఇయర్‌ఫోన్ రెండు చెవులకూ తగిలించుకుని మామూలుగా అడుగుతుంది.

"అమ్మమ్మా, పొద్దున్న ఏం వండేవే?"

"ఏం వండుతానే, పనసపొట్టు కూర. ఆవ పెట్టేను. మీ తాతయ్యకి ఆవ ఘాటు తగలకపోతే ముద్ద దిగదు కదా. ఇంతకీ పాడమంటావా, ఇదే చెప్పమంటావా?"

ఘకారం దగ్గర ఢబ్ మనలేదు. ఆవిడ గొంతులోని జీర ఉంది, గదిలో ఇంకేమీ లేదు. మనవరాలు ఆపి, వెనక్కి జరిపి, ఆ ముక్క మళ్లీ వింటుంది.

"ఏమే, ఇనబడతందా?"

మనవరాలు జవాబు చెప్పకుండా ఒక ఇయర్‌ఫోన్ తీసి అమ్మమ్మ చెవిలో పెడుతుంది.